బండికీ బండికీ మధ్య ఎడం

ఆదివారం తెల్లవారుజామున ఐదు గంటలకే మైదుకూరు నాలుగురోడ్ల కూడలిలో టీకొట్టు పొయ్యి వెలుగుతుంది. కడప నుంచి కర్నూలుకు పోయే దారీ, ప్రొద్దుటూరు నుంచి బద్వేలుకు పోయే దారీ కలిసేది ఇక్కడే. లారీ డ్రైవర్లు, కూరగాయల ఆటోలు, వాటి పక్కన మా ఆరు మోటారు సైకిళ్లు. వారమంతా మాలో ఒకరు ఎరువుల అంగట్లో ఉంటారు, ఒకరు బడిలో పాఠాలు చెప్తారు, ఒకరు ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో లెక్కలు రాస్తారు. ఆదివారం మాత్రం అందరం బండ్ల మీదే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు దాటి గండికోట. చలికాలమైతే అక్కడి నుంచి ముద్దనూరు మీదుగా పులివెందుల దాకా. ఎండ ముదిరేలోగా ఇల్లు చేరాలి.

రెండేళ్ల కిందట గండికోటకు పోయే దారిలో ఒక మలుపు దగ్గర నా బండి తారు దాటి మట్టిలోకి దూసుకుపోయింది. పడలేదు. కంపచెట్లకు జానెడు దూరంలో ఆగింది. గుండె దడ తగ్గాక ఏం జరిగిందో ఆలోచించుకున్నాను. తప్పు బండిది కాదు, రోడ్డుది కాదు. నేను మలుపును చూడనే లేదు. ముందుపోతున్న స్నేహితుడి బండి వెనక ఎర్రలైటును చూస్తూ పోయాను. అతనికి పది అడుగుల వెనక, అతని వేగంతోనే. అతనికి మలుపు కనబడింది, తిరిగాడు. నాకు అతను తప్ప ఏమీ కనబడలేదు.

గుంపుగా బండ్ల మీద తిరిగే సంతోషానికంతా ప్రాణం ఒకే ఒక్క చోట ఉందని ఆరోజు అర్థమైంది. అది బండికీ బండికీ మధ్య ఉండే ఎడం. ఆ ఎడం ఎంత ఉండాలి, ఎందుకు ఉండాలి అన్నది ఎవరి ఇష్టానికో వదిలేసే సంగతి కాదు. దాని వెనక గట్టి భౌతికశాస్త్రం ఉంది. మన కంటికీ మెదడుకూ సంబంధించిన శాస్త్రమూ ఉంది.

కుడికి తిరగాలంటే ముందు ఎడమకు

రెండు చక్రాల బండి మలుపు ఎలా తిరుగుతుంది? ఏళ్ల తరబడి బండి నడిపినవాళ్లను అడిగినా ‘హ్యాండిల్ కుడికి తిప్పితే కుడికి పోతుంది’ అంటారు. మెల్లగా పోయేటప్పుడు అది నిజమే. వేగం అందుకున్నాక జరిగేది వేరు.

చిన్నప్పుడు చూపుడువేలి మీద కర్ర నిలబెట్టే ఆట అందరం ఆడినదే. నిలబడిన కర్రను కుడివైపుకు నడిపించాలంటే ఏం చేస్తాం? ముందు వేలిని కొంచెం ఎడమకు జరుపుతాం. కర్ర పైభాగం కుడికి ఒరుగుతుంది. అప్పుడు దాని వెంట కుడికి పోతాం. బండి కూడా అంతే. కుడికి మళ్లాలంటే ముందు కుడికి ఒరగాలి. ఒరగాలంటే కింద చక్రాలు క్షణకాలం ఎడమకు జరగాలి. అందుకే వేగంలో ఉన్నప్పుడు కుడి హ్యాండిల్‌ను అరచేత్తో సున్నితంగా ముందుకు నెడితే బండి కుడికి ఒరిగి కుడికే తిరుగుతుంది. ఈ పని మన చేతులు మనకు తెలియకుండానే చేస్తుంటాయి. విమానం కనిపెట్టిన సోదరుల్లో ఒకరైన విల్బర్ రైట్‌ది సైకిళ్ల వ్యాపారం. ఆయన సైకిల్ తొక్కేవాళ్లను ఎంతోమందిని దీని గురించి అడిగి చూశాడు. ముందు అవతలి వైపుకు తిప్పుతున్న సంగతి వాళ్లలో ఎవరికీ తెలియదని గమనించాడు.

కదిలే బండి పడిపోకుండా ఎందుకు నిలబడుతుందన్నది ఇంకా లోతైన ప్రశ్న. తిరిగే చక్రానికి బొంగరం లాంటి స్థిరత్వం ఉంటుంది కాబట్టి అని చాలాకాలం చెప్పుకున్నారు. కోర్నెల్, డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2011లో ఆ బొంగరం ప్రభావాన్ని పూర్తిగా తీసేసిన ఒక చిన్న సైకిల్ నమూనా తయారుచేశారు. ముందు చక్రం హ్యాండిల్ ఇరుసు వెనక ఈడ్చుకుంటూ వచ్చి దారికి సర్దుకునేలా చేసే అమరికనూ తీసేశారు. అయినా తోసి వదిలితే అది మనిషి లేకుండానే పడకుండా సాగింది. ఒరిగిన వైపుకే హ్యాండిల్ తనంతట తాను తిరగడం, ఆ తిరగడంతో చక్రాలు మళ్లీ బరువు కిందకు వచ్చి చేరడం అసలు కిటుకు. అంటే బండికి నిలబడే గుణం దాని నిర్మాణంలోనే ఉంది. మలుపులో బెదిరి హ్యాండిల్‌ను బిగించి పట్టుకుంటే ఆ గుణాన్ని మనమే చెడగొట్టినవాళ్లమవుతాం.

గంటకు 40, గంటకు 60

మలుపులో బండి ఎంత ఒరగాలో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. వేగాన్ని వేగంతో గుణించి, మలుపు వ్యాసార్థంతోనూ భూమ్యాకర్షణతోనూ భాగిస్తే ఒరగాల్సిన కోణపు టాంజెంట్ వస్తుంది. 30 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు తీసుకుందాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతే బండి సుమారు 23 డిగ్రీలు ఒరగాలి. అదే మలుపును 60తో తిరగాలంటే సుమారు 43 డిగ్రీలు ఒరగాలి.

వేగం పెరిగింది ఒకటిన్నర రెట్లే. కానీ టైరు రోడ్డును పట్టుకోవాల్సిన బలం రెండుంబావు రెట్లు పెరిగింది. 40 దగ్గర టైరుకు కావలసిన పట్టు దాని మీద పడే బరువులో నూటికి 42 వంతులు. 60 దగ్గర నూటికి 94 వంతులు. పొడి తారు రోడ్డు మీద మామూలు టైరుకు దొరికే పట్టు 70, 80 వంతుల దగ్గర ఉంటుంది. ముందుపోయేవాడు నలభైతో తిరిగిన మలుపును, వెనకబడ్డానన్న తొందరలో వెనకవాడు అరవైతో తిరగబోతే ఏమవుతుందో ఈ లెక్కలోనే ఉంది.

టైరుకున్న పట్టు ఒక్కటే. అందులోంచే మలుపు తిరగడానికీ వాడుకోవాలి, బ్రేకు వేయడానికీ వాడుకోవాలి. మలుపుకే అంతా ఖర్చుపెట్టేస్తే బ్రేకుకు మిగలదు. అందుకే వేగం తగ్గించే పని మలుపులోకి దిగకముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే అయిపోవాలి. బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదకు వచ్చి పడుతుంది. ముందు ఫోర్కులు కిందికి దిగడం మనకు తెలుస్తూనే ఉంటుంది. అందుకే ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. ముందు బ్రేకు పడితే బండి పల్టీ కొడుతుందన్న భయంతో వెనక బ్రేకు ఒక్కటే తొక్కేవాళ్లు మన దగ్గర ఇంకా చాలామంది. రెండూ కలిపి, నెమ్మదిగా మొదలుపెట్టి బిగించాలి. 125 సీసీ దాటిన కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. చక్రం బిగుసుకుపోయి జారకుండా అది చూసుకుంటుంది. కానీ తారు మీద ఇసుక ఉంటే లేని పట్టును అదీ తెచ్చిపెట్టలేదు.

మన దారుల కింద ఉన్న నేల

ఆ ఇసుక దగ్గరే మన ప్రాంతపు కథ మొదలవుతుంది. మైదుకూరు నుంచి గండికోట దాకా పోతుంటే నాలుగు రకాల నేలలు, నాలుగు రకాల ప్రమాదాలు ఎదురవుతాయి.

మైదుకూరు దాటి చాపాడు వైపు కేసీ కాలువ కింద వరిమళ్లు. కోతల రోజుల్లో రోడ్డు సగం కల్లమైపోతుంది. ఆరబోసిన వడ్ల మీద టైరు నిలవదు. ఒక్కో గింజా కింద గోలీలా దొర్లుతుంది. ప్రొద్దుటూరు దాటి జమ్మలమడుగు వైపు తిరిగితే నల్లరేగడి. శనగ, పత్తి, జొన్న పండే గొప్ప భూమి. రోడ్డుకు మాత్రం శత్రువు. ఈ మట్టిలోని బంకఖనిజం పుస్తకంలో కాగితాల్లాగా పొరలు పొరలుగా ఉంటుంది. వాన పడితే ఆ పొరల మధ్య నీళ్లు చేరి మట్టి ఉబ్బుతుంది. ఎండాకాలం ఆ నీళ్లు పోయి కుంచించుకుపోయి, చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. ఏటా ఇలా ఉబ్బీ తగ్గీ పైనున్న తారును అలల్లా వంచేస్తుంది, రోడ్డు అంచులను కుంగదీస్తుంది. ఒరిగి ఉన్న బండి అలాంటి అల మీద ఎగిరితే ఆ క్షణం టైరు మీద బరువు తగ్గుతుంది, బరువుతోపాటు పట్టూ తగ్గుతుంది. వాన పడ్డాక ట్రాక్టర్ల చక్రాలకు అంటుకుని రోడ్డెక్కిన రేగడి సంగతి చెప్పనే అక్కర్లేదు, తడి సబ్బు మీద కాలు పెట్టినట్టే.

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాయి. దేశమంతా కడప బండలుగా తెలిసిన రాయి ఇదే. భూగర్భ శాస్త్రజ్ఞులు దీన్ని నర్జి సున్నపురాయి అంటారు. బండలు కోసే, నున్నచేసే యంత్రాల దగ్గర తెల్లటి మెత్తని పొడి రోడ్ల మీదికి చేరుతుంది. ఎండలో అది దుమ్ము. చినుకు పడితే పల్చని జారుడు పూత.

ఇక గండికోట కొండలు. ఇక్కడి ఎర్రటి రాయి గండికోట క్వార్ట్‌జైట్. వంద కోట్ల ఏళ్లకు పైబడిన పాత సముద్రపు ఒడ్డున పేరుకున్న ఇసుక, గింజకు గింజ అతుక్కుని రాయిగా మారింది. అర్ధచంద్రాకారంలో పరుచుకున్న కడప శిలాప్రాంతంలో ఇదొక పొర. పులివెందుల వైపు పోతే ఈ పొరల నడుమకు చొరబడి గట్టిపడిన శిలాద్రవపు రాయి ఉంది. దాని వయసు 188 కోట్ల ఏళ్లకు పైమాటేనని లెక్కతేలింది. ఈ రాళ్లు ఎండకూ వానకూ అరిగి మళ్లీ ఇసుకగా, గులకగా రాలుతుంటాయి. వాన నీళ్లు ఆ ఇసుకను తెచ్చి మలుపుల్లో రోడ్డు మీద పోస్తాయి. నా బండి దారి తప్పిన మలుపులోనూ అదే ఉంది. ఇరవై మీటర్ల ముందు నుంచి చూసి ఉంటే తెల్లగా కనబడేది. పది అడుగుల ముందు బండి అడ్డంగా ఉంటే ఎలా కనబడుతుంది?

దారిని చదవాలంటే దారి కనబడాలి. ఎడం కావాల్సింది మొదట ఇందుకే.

రెండు అంకెలు లెక్కపెట్టు

గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ముందు ఏదో అడ్డమొచ్చిందని కన్ను చూసి, మెదడు గ్రహించి, చేయీ కాలూ బ్రేకు నొక్కేసరికి ఒకటి నుంచి ఒకటిన్నర సెకన్లు పడుతుంది. ఈలోగా బండి వేగం ఏమాత్రం తగ్గకుండా 17 నుంచి 25 మీటర్లు పోయింది. అక్కడి నుంచి మంచి పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఇంకో 23 మీటర్లలో ఆగుతుంది. మొత్తం 40 నుంచి 48 మీటర్లు. అదే 80 వేగంలో 63 నుంచి 74 మీటర్లు.

ముందు బండి మామూలుగా బ్రేకు వేస్తే అదీ కొంతదూరం పోయి ఆగుతుంది కాబట్టి వెనకవాడికి కాస్త వెసులుబాటు ఉంటుంది. కానీ మన దారుల్లో కంపచెట్ల చాటు నుంచి బర్రె అడ్డమొస్తుంది, గొర్రెల మంద రోడ్డు దాటుతుంది. ముందువాడు దేనికైనా తగిలి ఉన్నచోటే ఆగిపోతే వెనకవాడికి ఉన్నది ఎడం ఒక్కటే.

దూరాన్ని మీటర్లలో కొలుస్తూ బండి నడపలేం. అందుకే కాలంతో కొలుస్తాం. ముందు బండి ఒక కిలోమీటరు రాయినో, వేపచెట్టునో దాటగానే నింపాదిగా ‘ఒకటీ, రెండూ’ అని రెండు సెకన్లు లెక్కపెట్టాలి. రెండు పూర్తయ్యేలోగా మనం ఆ రాయిని దాటామంటే మరీ దగ్గరగా ఉన్నట్టు. ఈ కొలతలో గొప్పదనం ఏమిటంటే వేగం పెరిగితే దూరం తనంతట తానే పెరుగుతుంది. 60లో రెండు సెకన్లంటే 33 మీటర్లు, 80లో 44 మీటర్లు. ముందువాడు ఉన్నచోటే ఆగిపోతే ఇదీ చాలదు, కాబట్టి ఇది కనీసపు ఎడమే. వానలో, మసక వెలుతురులో, ఇసుక ఉన్నచోట నాలుగు దాకా లెక్కపెట్టాలి.

కంటి సంగతి ఇంకొకటి ఉంది. మన కంటిచూపులో స్పష్టంగా కనబడే భాగం చాలా చిన్నది, చాచిన చేతి బొటనవేలి గోరు వెడల్పుకు కాస్త అటూఇటూ. మిగతాదంతా మసకే. మెదడు ఆ చిన్న భాగాన్ని అటూఇటూ తిప్పుతూ లోకాన్ని పోగుచేసుకుంటుంది. భయపడినప్పుడు ఆ చూపు దేన్ని చూసి భయపడ్డామో దానికే అతుక్కుపోతుంది. చూపు ఎటుంటే చేతులు అటే తిప్పుతాయి. గుంతను చూస్తే గుంతలోకే పోతాం. దానికి మందు కూడా చూపులోనే ఉంది. మలుపు చివర ఎక్కడికి పోవాలో అక్కడికి తల తిప్పి చూడాలి. కన్ను చూసిన చోటికి బండి వస్తుంది.

గుంపులో పుట్టే అల

ఒంటరిగా పోయే బండికి లేని ఇబ్బంది గుంపుకు ఒకటుంది. ముందువాడు సాఫీగా యాభైలో పోతుంటాడు. ఆఖరివాడు మాత్రం ఒకసారి ముప్పై, ఒకసారి ఎనభై. దిగాక ‘అంత వేగం ఎందుకురా?’ అని ముందువాడంటాడు. ‘నువ్వే కదా లాగించింది’ అని ఆఖరివాడంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే.

దీన్ని అర్థం చేసుకోవడానికి జపాన్‌లో జరిగిన ఒక ప్రయోగం తోడ్పడుతుంది. నగోయా విశ్వవిద్యాలయానికి చెందిన యూకి సుగియామా బృందం 2008లో దాని ఫలితాలు ప్రచురించింది. 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న వలయంలో 22 కార్లను సమాన దూరంలో పెట్టి, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో సాగమన్నారు. సిగ్నల్ లేదు, గుంత లేదు, అడ్డమొచ్చేవాళ్లు లేరు. అయినా కాసేపటికి ట్రాఫిక్ జామ్ పుట్టింది. ఒక డ్రైవరు కాస్త నెమ్మదిస్తే వెనకవాడు ఒక క్షణం ఆలస్యంగా గమనించి ఇంకాస్త ఎక్కువ నెమ్మదించాడు, అతని వెనకవాడు మరింత. చివరికి కొన్ని కార్లు పూర్తిగా ఆగిపోయాయి. ఆ ఆగడం అనేది ఒక అలగా మారి, గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో కార్ల వరుసలో వెనక్కి ప్రయాణించింది.

మా ఆరు బండ్లలో జరిగేదీ అదే. బండ్లు దగ్గర దగ్గరగా ఉంటే ముందువాడి చిన్న సందేహం ఆఖరివాడి దగ్గరకు వచ్చేసరికి గట్టి బ్రేకవుతుంది. ఆ తర్వాత అందుకోవాలని వాడు యాక్సిలరేటర్ తిప్పుతాడు, రాబోయే మలుపులోకి ఎక్కువ వేగంతో దిగుతాడు. మధ్యలో ఎడం ఉంటే ఒక్కొక్కరూ ఆ అలను కొంచెం మింగేసుకుంటారు. ముందువాడు తగ్గినా వెనకవాడు బ్రేకు ముట్టకుండా యాక్సిలరేటర్ వదిలితే సరిపోతుంది. ఆఖరివాడి దాకా అల చేరదు.

అందుకే గుంపులు పాటించే పద్ధతులకు అర్థం ఉంది. అందరికన్నా కొత్తవాడిని ముందువాడి వెనకే, రెండో స్థానంలో పెట్టాలి. గుంపు వేగం అతని వేగమే కావాలి. బాగా అనుభవమున్నవాడు ఆఖరున ఉండాలి. వెడల్పైన రోడ్డు మీద ముందువాడు మన సగంలో కుడివైపు, రెండోవాడు ఎడమవైపు, మూడోవాడు మళ్లీ కుడివైపు పోవాలి. అలా పోతే పక్క వరుసలో ముందున్నవాడికి ఒక సెకను, నేరుగా ముందున్నవాడికి రెండు సెకన్లు ఎడం ఉంటుంది. మలుపుల్లో, పల్లె దారుల్లో ఒకరి వెనక ఒకరు మాత్రమే పోవాలి. ఎక్కడైనా దారి మారితే, వెనకబండి కనబడేదాకా ముందున్నవాడు అక్కడే ఆగాలి. ఈ ఒక్క మాట అందరూ నిలబెట్టుకుంటే వెనకబడిపోతానన్న భయం ఎవరికీ ఉండదు. ఆ భయం లేకపోతే తొందరా ఉండదు.

ఎండ, గాలి, చెమట

కడప ఎండ గురించి కడపవాళ్లకు చెప్పాలా? ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. గాలి మన చర్మం కన్నా చల్లగా ఉన్నంతసేపు బండి మీద తగిలే గాలి వేడిని తీసుకుపోతుంది. చర్మం సుమారు 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. బయట 40 దాటితే అదే గాలి మనకు వేడిని తెచ్చి పోస్తుంది. అప్పుడు మనల్ని కాపాడేది చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట ఆవిరైతే ఒంట్లోంచి సుమారు 580 కిలో కేలరీల వేడి పోతుంది. పది లీటర్ల నీళ్లను 58 డిగ్రీలు వేడెక్కించేంత వేడి అది. బండి మీద గాలికి చెమట పట్టినట్టే తెలియదు, పట్టీపట్టకముందే ఆరిపోతుంది. దాహం తెలిసేసరికే ఒళ్లు ఎండిపోయి, తల బరువెక్కి ఉంటుంది. మెదడు మందగిస్తే ఆ ఒకటిన్నర సెకను రెండు సెకన్లవుతుంది, పెట్టుకున్న ఎడం చాలకుండా పోతుంది. నిండు చేతుల చొక్కా వేసుకుంటే ఎండా, వేడిగాలీ నేరుగా తగలవు. గంటకోసారి దిగి, దాహం లేకపోయినా నీళ్లు తాగాలి.

హెల్మెట్ సంగతీ లెక్కతోనే చెప్తాను. బండి మీద కూర్చున్న మనిషి తల నేలకు సుమారు మీటరున్నర ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తు నుంచి కిందపడిన ఏ వస్తువైనా గంటకు దాదాపు 20 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుంది. బండి కదలకుండా ఉన్నా అంతే. హెల్మెట్ లోపలి థర్మకోల్ పొర తాను నలిగి, తల ఆగేందుకు రెండు మూడు సెంటీమీటర్ల దూరం ఇస్తుంది. అదీ ఎడమే. ఎముకకూ రోడ్డుకూ మధ్య ఎడం. హెల్మెట్ మరణ ప్రమాదాన్ని సుమారు 42 శాతం, తల గాయాలను 69 శాతం తగ్గిస్తుందని అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో తేలింది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 44.5 శాతం రెండు చక్రాల బండ్ల మీద పోతున్నవాళ్లే. ఐఎస్ఐ గుర్తు ఉన్న హెల్మెట్ కొని, గడ్డం కింద పట్టీ బిగించుకోవాలి. పట్టీ పెట్టుకోని హెల్మెట్ పడేటప్పుడు మనకన్నా ముందే ఎగిరిపోతుంది.

గండి దగ్గర

జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్లు పోతే గండికోట. కోట గోడ దాటి అంచుకు చేరితే ఎర్రటి రాతి పలకలు దొంతర్లుగా పేర్చినట్టు, వాటి మధ్య లోతున పెన్నేరు. కొండను చీల్చుకుని నది పోయిన చోటును మన పెద్దలు గండి అన్నారు. ఆ గండి పక్కన కట్టినందుకే ఇది గండికోట. ఇసుకా గులకా మోసుకుంటూ నది ఈ గట్టి రాయిని అరగదీసి దారి చేసుకోవడానికి లెక్కలేనన్ని ఏళ్లు పట్టింది. పొద్దు పొడిచే వేళకు ఆ అంచున అందరం కూర్చుంటాం. వారమంతా మాట్లాడుకోని మాటలు అక్కడ మాట్లాడుకుంటాం.

ఇప్పుడు ఆ మలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా ముందు బండి నాకు చిన్నదిగా, దూరంగా కనబడుతుంది. దానికీ నాకూ మధ్య దారంతా కనబడుతుంది. పక్కనున్న కొండ కూడా కనబడుతుంది. ఎడం ఉంచినందుకు గండికోట చేరడం ఒక్క నిమిషమైనా ఆలస్యం కాలేదు.

వచ్చే ఆదివారం మీరూ స్నేహితులతో బయల్దేరుతుంటే మూడు పనులు చేయండి. కొత్తవాడిని రెండో స్థానంలో పెట్టండి. దారి మారే ప్రతిచోటా వెనకవాడి కోసం ఆగండి. ముందు బండి రాయి దాటగానే నింపాదిగా రెండు లెక్కపెట్టండి. పొద్దున ఎంతమంది బయల్దేరారో, మధ్యాహ్నం అంతమందీ ఇల్లు చేరాలి.